రెండు పెట్టెలు, ఒక పడవ

ఈ వేసవి సెలవులకు మా మనవరాలు కెజియా ప్యాపిలి నుంచి నంద్యాలకు వచ్చింది. మా కొడుకు అక్కడ బడిలో టీచరు. సెలవులివ్వడం ఆలస్యం, పిల్లను నా దగ్గర దింపి మధ్యాహ్నం బస్సుకే వెనక్కి పోతాడు. మూడు రోజుల్లో ఇంట్లో ఉన్న కథల పుస్తకాలు అయిపోయాయి, మామిడిపండ్ల బుట్ట అయిపోయింది, నాతో పెట్టుకోదగ్గ పోట్లాటలు కూడా దాదాపు అయిపోయాయి. నాలుగో రోజు పొద్దున ఫోను తెచ్చి నా కళ్లద్దాలకు ఆనించినంత పని చేసింది.

“అవ్వా, నేను కట్టెపడవ చేస్తా. స్పీడు బోటు. ముక్కలన్నీ పెట్టెలో వస్తాయంట, మనం అతికించుకోవల్ల. చూడు, నలభై రకాలుండాయి. మొదటిసారి చేసేవాళ్లు ఏది కొనల్లో చెప్పు.”

“నాకేం తెలుసు?”

“నువ్వు చిన్నప్పుడు చేసినావంట కదా. నాయన చెప్పినాడు.”

చేసిన మాట నిజమే. కానీ ఏది కొనాలో చెప్పమంటే మాత్రం చెప్పనన్నాను. ఎందుకు చెప్పవని ఆ పిల్ల రోజంతా నా కొంగు పట్టుకొని తిరిగింది. కూరగాయలు తరుగుతుంటే అడిగింది, బట్టలు మడతపెడుతుంటే అడిగింది, కునుకు తీయబోతే కనురెప్ప ఎత్తి మరీ అడిగింది. చెప్పకపోవడానికి ఒక కారణం ఉంది. ఆ కారణం మా నాయన.

నా చిన్నతనంలో మేం ఆళ్లగడ్డలో ఉండేవాళ్లం. నాయన అక్కడి బడిలో చేతిపనులు నేర్పేవాడు. ఊరంతా ఆయన్ను క్రాఫ్టు సారు అనేది. వడ్రంగం, నేత, అట్టలు కట్టడం, ఏదైనా ఆయన చేతికి లొంగేది. లొంగనిది ఒకటే, రెండింటిలో ఒకటి ఎంచుకోవడం. గొడుగు కొనడానికి నంద్యాలకు పోయి తడిసి వచ్చిన మనిషి ఆయన. నల్లపిడి గొడుగా, కట్టెపిడి గొడుగా అని అంగట్లో తేల్చుకోలేకపోయాడు. బయట వాన పడుతూనే ఉంది. చెప్పులు కొనడానికి పోతే ఒక కాలికి ఒక జత, ఇంకో కాలికి ఇంకో జత తొడుక్కొని అంగడి ముందు ఇటూ అటూ నడిచేవాడు. చివరికి పాత చెప్పులతోనే ఇంటికి వచ్చేవాడు. బనగానపల్లె నుంచి మామిడిపండ్ల బండి వస్తే ఒక్కో పండునూ ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసి, మళ్లీ కుప్పలో పెట్టి, ఇంకొకటి తీసేవాడు. ఆయన వాసన చూడని పండ్లను మిగతావాళ్లు కొనుక్కొని వెళ్లిపోయేవాళ్లు.

మా వీధికి అవతలి వీధిలో శిల్పులుండేవాళ్లు. తెల్లవారింది మొదలు ఉలి దెబ్బలు టకటకమని వినిపిస్తుండేవి. అమ్మ విసుక్కున్నప్పుడల్లా నాయన ఆ శబ్దం వైపు చెయ్యి చూపేవాడు. “వాళ్లు ఊరికే కొడతాండారనుకున్న్యావా? దెబ్బకు ముందర గంటసేపు చూస్తారు. ఒక్క దెబ్బ తప్పితే దేవుని ముక్కు పోతాది” అనేవాడు. “గొడుగుకు ముక్కు యాడుందయ్యా?” అనేది అమ్మ.

అమ్మది పూర్తిగా వేరే తీరు. ఊళ్లో ఆడవాళ్లకు రవికలు కుట్టేది. గుడ్డ మీద ఒకసారి సుద్దగీత గీసిందంటే కత్తెర పడాల్సిందే, ఆ తర్వాత దేవుడు దిగివచ్చి కొలత తప్పన్నా వినేది కాదు. వాళ్లిద్దరికీ ఎలా జత కుదిరిందని చుట్టాలు ఆశ్చర్యపోతే అమ్మే జవాబు చెప్పేది. “ఈయన నన్ను ఎంచుకుంటేనా? మా పాస్టరయ్య ఎంచి, దినం పెట్టి, చేతులు కలిపినాడు. ఈయన్ను ఎంచుకోమనింటే నేనింకా మాయమ్మ యింట్లోనే రొట్టెలు కొడతాందును.” నాయన ఏమాత్రం నొచ్చుకోకుండా, “అందుకే గదా బాగ కుదిరింది” అని పళ్లెం ముందుకు జరిపేవాడు. మధ్యలో మా జేజి, అంటే నాయన వాళ్లమ్మ, అన్నానికి ముందు ప్రార్థన మొదలుపెట్టేది. ఆమె ప్రార్థనలో మా ఇల్లు, మా వీధి, నల్లమల అవతలున్న బంధువులు, వాళ్ల గొడ్లు, అందరూ వరసగా వచ్చి పోవాలి. ఆమెన్ వినబడే సరికి సంగటి గట్టిపడి, నంజుకోవడానికి రుబ్బిన చెనిక్కాయల ఊరుబిండి మీద నూనె తేలి ఉండేది. నాకు ఇప్పటికీ వేడివేడి సంగటి తింటే ఏదో తప్పు చేసినట్టు ఉంటుంది.

నాకు పన్నెండేళ్లప్పుడు టైఫాయిడు వచ్చింది. మామూలుగా వచ్చి పోలేదు. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టింది. నెలల తరబడి మంచం మీదే ఉన్నాను. జుట్టు ఊడిపోయింది. నాయన నన్ను దుప్పట్లో చుట్టి బస్సులో నంద్యాలలోని డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయేవాడు, దారిలో శిరివెళ్ల వచ్చిందాకా ఆయన భుజం మీద తల పెట్టుకొని నిద్రపోయేదాన్ని. చివరికి జ్వరం పోయింది గాని, పోతూ పోతూ రెండు పనులు చేసిపోయింది. పరీక్షలు రాయలేదు కాబట్టి మళ్లీ అదే ఆరో తరగతిలో కూర్చోవాల్సి వచ్చింది. దానికంటే పెద్ద కష్టం చేతులది. గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణికేవి. పలక మీద ‘అ’ రాస్తే చీమ కాళ్లు విరిగి పడినట్టు ఉండేది. నాకంటే ఒక తరగతి కింద ఉన్న పక్కింటి సరోజకు అక్షరాలు దిద్దబెట్టింది నేను. ఇప్పుడు దాని పక్కన కూర్చొని, దానికంటే అధ్వాన్నంగా రాయాలి.

“నేను బడికి పోను” అన్నాను.

అమ్మ బతిమాలింది, బెదిరించింది, ఒకసారి చెయ్యెత్తి మళ్లీ దించేసింది. జేజి తన ప్రార్థనలో నా చేతులను కూడా కలిపింది, దాంతో సంగటి ఇంకాస్త చల్లారేది. నాయన మాత్రం డాక్టరమ్మ చెప్పిన మాట ఒకటి పట్టుకొని తిరిగేవాడు. మందుతో పోయేది పోయింది, ఇక చేతులకు చిన్న చిన్న పని చెప్పండి, అవే నిలబడతాయి అందామె. నాయన నాకు నేత చట్రం తెచ్చిచ్చాడు, దారాలు చిక్కుపడ్డాయి. పూసలు తెచ్చిచ్చాడు, మంచం కింద పూసలు ఏరడానికి జేజికి వారం పట్టింది.

అలాంటి రోజుల్లో ఒకసారి ఆసుపత్రి నుంచి నంద్యాల బస్టాండుకు నడిచివస్తూ కాదర్ సాబు అంగడి ముందు ఆగిపోయాను. ఆ అంగట్లో క్యారమ్ బోర్డులు, జామెట్రీ పెట్టెలు, సైకిలు గంటలు, మౌత్ ఆర్గాన్లు అన్నీ అమ్మేవాళ్లు. లోపల కిరోసిన్, కొత్త రబ్బరు బంతులు కలిసిన వాసన. అద్దాల బీరువా పై అరలో రెండు అట్టపెట్టెలున్నాయి. వాటిలో పెద్దదాని మీద ఎర్ర పడవ నీళ్లను రెండుగా చీల్చుకుంటూ పోతోంది, వెనక తెల్లటి నురగ. నేను అప్పటిదాకా సముద్రం చూడలేదు. ఇప్పుడైనా రెండుసార్లే చూశాను. కాని ఆ పడవలో కూర్చున్న మనిషికి జ్వరం రాదని, వచ్చినా పడవ వేగానికి వెనకబడిపోతుందని ఎందుకో అనిపించింది.

“నాయనా, నాకది కావల్ల” అన్నాను. జ్వరం వచ్చాక నేను ఏదైనా కావాలని అడగడం అదే మొదలు.

కాదర్ సాబు బక్కగా, పొడుగ్గా ఉండేవాడు. బెంగళూరులో ఉన్న బావమరిది ఆ రెండు పెట్టెలూ పంపాడట. నంద్యాలలో పడవలెవరు చేస్తారని ఆయన మీద కోపం కూడా ఉన్నట్టుంది. రెండూ దించి, దుమ్ము తుడిచి, బల్ల మీద పెట్టి మూతలు తీశాడు. పెద్దపెట్టెలో వెన్నుబద్ద, దానికి తగిలించే పక్కటెముకలు, కట్టలు కట్టలుగా సన్నటి బద్దలు ఉన్నాయి. వందకు పైగా ముక్కలు. చిన్నపెట్టెలో అడుగుపలక ఒకటి, పక్కపలకలు రెండు, లోపల నిలబెట్టే అడ్డుముక్కలు నాలుగు, పైన మూయడానికి ఒక పలుచటి చెక్క. రెండింటిలోనూ బొటనవేలంత మోటారు, టార్చిలైటు సెల్లుతో తిరిగేది, దానికి ఇత్తడి పంకా.

నాయన జేబులోంచి కళ్లద్దాలు తీశాడు. అంతే, ఆ రోజు మేం ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది. ఒక్కో బద్దనూ వెలుతురుకు పట్టి చూశాడు, గోటితో గీకాడు, వాసన చూశాడు. పెద్దపెట్టె ముందు కాసేపు, చిన్నపెట్టె ముందు కాసేపు. చివరికి మూతలు పెట్టేసి, “ఆలోచించుకొని వస్తాం, సాబూ” అన్నాడు.

ఇంటికి పోయాక పెద్ద చర్చ జరిగింది. “ఆడపిల్లకు పడవేందిరా? ఆళ్లగడ్డకు సముద్రమేమన్నా వస్తాందా?” అంది జేజి. నాయనకు ఇంకో పట్టింపు కూడా ఉంది. ఇంట్లో ఉలి, బాడిస, చిత్రిక అన్నీ పెట్టుకొని, ఇంకెవరో కోసిన ముక్కలు దుడ్లు పెట్టి కొనడం ఆయనకు మింగుడు పడలేదు. “నేనే చేసిస్తా. రెండు దినాల పని. నా చేతులేమైనాయి?” అన్నాడు.

అమ్మ కుట్టుమిషను ఆపింది. “నీ చేతులు బాగనే ఉండాయి. ఆమె చేతులే బాగ కావల్ల” అంది. మళ్లీ మిషను తిప్పుకుంది.

నెల తర్వాత ఆసుపత్రికి పోయినప్పుడు మళ్లీ అంగడికి పోయాం. ఈసారి నాయన ఇంటి నుంచి ఉక్కు కొలబద్ద కూడా తెచ్చుకున్నాడు. పక్కటెముకలు కొలిచాడు, బద్దలు కొలిచాడు, పెట్టెను కూడా కొలిచాడు. కాదర్ సాబు గల్లాపెట్టె మీద మోచేతులు ఆనించి చూస్తూ ఉన్నాడు.

“సారూ, పెండ్లిసంబంధం చూస్తాండారా ఏంది? పిల్ల నచ్చిందా ల్యాదా, చెప్పేయండప్పా. వాళ్లింట్లో వాళ్లు కనుక్కోమంటాండారు.”

“తొందర పడితే యట్ల, సాబూ?”

“తొందరా? పోయిన నెల వచ్చిన ఈగ కూడా ఈ పెట్టె మీద ముసలిదైపాయ.”

నాకు నవ్వొచ్చింది. చాలా రోజులకు నవ్వాను. నాయన నా వైపు చూసి, తనూ నవ్వి, కొలబద్ద జేబులో పెట్టుకొని, “వచ్చే నెల వస్తాం” అన్నాడు. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. బస్టాండు దగ్గర హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జి పెట్టించి నన్ను సముదాయించాలని చూశాడు. బజ్జి తిన్నాను గాని, ఆళ్లగడ్డ వచ్చిందాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను.

మూడోసారి పోయేసరికి కాదర్ సాబు ముందే చెప్పేశాడు. ఆత్మకూరు నుంచి ఫారెస్టాయన ఒకాయన తన కొడుకు కోసం వచ్చాడట, రెండూ చూసిపోయాడట, సాయంత్రం మళ్లీ వస్తానన్నాడట. “ఆయన యేది తీసుకుంటాడో నాకు తెలీదు సారూ. రెండూ తీసుకున్నా తీసుకుంటాడు. ఈ పొద్దు తేల్చుకోండి.”

నాయన ముఖం చూస్తే జాలేసింది. పెద్దపెట్టె మూత తీశాడు, మూశాడు. చిన్నపెట్టె తీశాడు, మూశాడు. చెమట తుడుచుకున్నాడు. ఉన్నట్టుండి చొక్కా జేబులో ఉన్న దుడ్లు తీసి నా చేతిలో పెట్టి, వేళ్లు మూసి, “నేను పోయి బస్సెప్పుడో కనుక్కొస్తా. నేనొచ్చేలోపల నువ్వే ఏదో ఒకటి తీసుకో పాపా” అన్నాడు. మెట్లు దిగి గబగబా వెళ్లిపోయాడు. ఆళ్లగడ్డ బస్సులు ఎప్పుడెప్పుడో ఆయనకు బైబిలు వచనాల్లా నోటికి వచ్చు.

పన్నెండేళ్ల పిల్లను. ఎదురుగా రెండు పెట్టెలు. అప్పటిదాకా నాకు కావలసింది ఎర్ర పడవేనని నాకు ఎంతో నమ్మకంగా ఉండేది. చేతిలో దుడ్లు పడేసరికి ఆ నమ్మకం నీరుగారిపోయింది. పెద్దపెట్టెలోంచి ఒక సన్నటి బద్ద తీశాను. నా చేతిలో అది గాలికి కదిలే ఈనెపుల్లలా వణికింది. అలాంటివి వందకు పైగా ఉన్నాయి.

“నేను చేయగలనా సాబూ?” అని అడిగాను.

వ్యాపారస్థుడు కదా, పెద్దదే అంటాడనుకున్నాను. “పెద్దది చేస్తే శానా గొప్ప. చేయకుంటే నీ దగ్గర మంచి పొయ్యికట్టెలుంటాయి” అన్నాడు. తర్వాత కాస్త నెమ్మదిగా, “చిన్నది నెల దినాల్లో అయితాది పాపా. అయిపోయిన పడవే గదా తేలేది” అన్నాడు.

నేను చిన్నపెట్టె తీసుకున్నాను. నా అంతట నేను ఎంచుకున్న మొదటి వస్తువు అది. ఎర్ర పడవ వైపు చూడకుండా బయటికి వచ్చాను. నాయన అంగడి మూల మీదే ఉన్నాడు. నా చేతిలో చిన్నపెట్టె చూడగానే ఆయన ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. వెంటనే సర్దుకొని, “బాగుండాది. శానా బాగుండాది” అన్నాడు. కాని ఆ ఒక్క క్షణాన్ని నేను చూశాను. ధైర్యం లేని కూతురని అనుకున్నాడని నాకు అర్థమైంది. ఆ ముల్లు చాలా ఏళ్లు నాలోనే ఉండిపోయింది.

ఇంట్లో అమ్మ ఒక చట్టం పెట్టింది. పడవను నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ఎవరూ అంటే నాయన అని అందరికీ తెలుసు. వరండాలో నాకొక చెక్కపలక వేసి, గరుకు కాగితం, జిగురు, చిన్న కత్తి ఇచ్చారు. నాయన రోజూ బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, నాకు నాలుగు అడుగుల దూరంలో స్టూలు వేసుకొని కూర్చునేవాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకునేవాడు, లేకపోతే అవి వాటంతటవే ముందుకు వస్తాయని భయం. నేను గరుకు కాగితం అడ్డంగా రుద్దితే ఆయన పళ్లు కొరుక్కునే చప్పుడు వినిపించేది. తట్టుకోలేనప్పుడు లేచి పోయి, పదునుగా ఉన్న ఉలినే మళ్లీ నూనెరాయి మీద నూరేవాడు. ఆ నెలలో మా ఇంటి ఉలులు నూరీ నూరీ పొట్టివైపోయాయని అమ్మ వీధంతా చెప్పింది.

రెండోవారంలో మూడో అడ్డుముక్క విరిగింది. అప్పటిదాకా బుద్ధిగా ఉన్న చెయ్యి ఉన్నట్టుండి ఉలిక్కిపడింది, కత్తి జారింది, ముక్క రెండయింది. దాని వెనకే నేను కూడా విరిగిపోయాను. పెట్టెను తోసేసి, ఇక చేయను, బడికి పోను, ఎక్కడికీ పోను అని ఏడ్చాను. జేజి ప్రార్థన మొదలుపెట్టబోతే అమ్మ కళ్లతోనే ఆపింది.

నాయన లేచి వచ్చాడు. విరిగిన ముక్కలు ముట్టుకోలేదు. నా పక్కన నేల మీద కూర్చొని తన మణికట్టు పలక అంచుకు ఆనించి చూపించాడు. “చెయ్యి గాల్లో పెడితే ఎవరిదైనా వణుకుతాది మే. నాది గూడా. ఈడ ఆనించు. ఊపిరి వదిలేటప్పుడు కొయ్యి, పీల్చేటప్పుడు ఆపు. శిల్పం కొట్టేటోళ్లు గూడా అట్లనే చేస్తారు.” నేను చెయ్యి ఆనించాను. ఊపిరి వదిలాను. వణుకు పోలేదు గాని, చిన్నదైంది.

“ముక్క విరిగిపాయ గదా.”

“పెట్టెలో లేకుంటే లోకంలో ల్యాదా? చేసుకో.”

మామిడిపండ్లు వచ్చిన కట్టెపెట్టె పెరట్లో ఉంది. దాని మూతలోంచి ఒక పలక ఊడదీసి, విరిగిన ముక్కలు కలిపి దాని మీద పెట్టి గీత గీసి, మూడు రోజులు కోశాను. వంకరగా వచ్చింది. దానికి మామిడిపండ్ల వాసన కూడా ఉంది. కాని దాని చోటులో అది కూర్చుంది. ఆ రోజు నుంచి నేను పెట్టెలో వచ్చిన, ఎలా అతికించాలో చూపే కాగితం వైపు చూడటం తగ్గించాను. పక్కపలకలను వేడినీళ్లలో నానబెట్టి వంచి, జిగురు ఆరేదాకా బట్టల క్లిప్పులు పెట్టాను. నాలుగు రోజులు మా ఇంటి తడిబట్టలు తీగ మీద నుంచి ఎగిరిపోయి సరోజ వాళ్ల పెరట్లో పడేవి. చివరగా వార్నిష్ పూశాను. నెల అన్నది రెండు నెలలైంది.

ఒక ఆదివారం చర్చి అయ్యాక పడవ తీసుకొని కేసీ కాలువ దగ్గరికి పోయాం. అమ్మ, నాయన, కర్ర పట్టుకొని జేజి, పిలవకుండానే వెంట వచ్చిన సరోజ. కాలువలో నీళ్లు నడుము లోతు ఉన్నాయి. నేను సెల్లు పెట్టి, మోటారు తిప్పి, పడవను నీళ్లమీద వదిలాను. అది ఒకసారి ఎడమకు ఒరిగి, నిలదొక్కుకొని, గుర్రుమంటూ బయలుదేరింది. అందరం కేకలు పెట్టాం. పడవ తిరిగి ఒడ్డుకు ఎలా వస్తుందని మాలో ఒక్కరం కూడా ఆలోచించలేదని అప్పుడు తెలిసింది. దానికి ఒక తాడన్నా కట్టలేదు. అది నీటి వాలులో నంద్యాలను వెనకేసుకొని కడప దిక్కు పరుగెత్తుతోంది.

నేను అరిచేలోపే ఏదో పెద్ద చప్పుడైంది. నాయన కాలువలో ఉన్నాడు. తెల్లచొక్కా, ఆదివారం పంచె, చేతి గడియారం, కళ్లద్దాలు, వాటన్నింటితో సహా. పంచె నీళ్లమీద గొడుగులా పరుచుకుంది. ఆయన నీళ్లను తోసుకుంటూ, పడుతూ లేస్తూ, పడవ తోకను అందుకొని పైకెత్తి పట్టుకున్నాడు. పంకా ఇంకా తిరుగుతూ ఆయన ముఖం మీద నీళ్లు చల్లుతోంది.

“చూడత్తా,” అంది అమ్మ జేజితో, నవ్వాపుకోలేక. “ఈ మనిషి ఆలోచించకుండ ఒక పని చేసినాడు. నేను బతికుండంగనే చూస్తి.”

గడియారం మళ్లీ నడవలేదు. కొత్తది కొనడానికి ఎన్నిసార్లు నంద్యాలకు పోయిందీ నేను చెప్పను.

మరుసటి రోజు నేనే పలక, పుస్తకాలు సర్దుకొని సరోజ వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డాను. బడిలో దాని పక్కనే కూర్చున్నాను. మణికట్టు బల్ల అంచుకు ఆనించి, ఊపిరి వదులుతూ పేరు రాశాను. అక్షరాలు అందంగా రాలేదు. నా అక్షరాలు ఇప్పటికీ అందంగా ఉండవు, బ్యాంకువాళ్లు సంతకాన్ని రెండుసార్లు చూస్తారు. కాని అవి అక్షరాలే, చీమలు కావు. సరోజ నా చేతివైపు చూసి, “పడవ ఇంగోసారి ఎప్పుడిడుస్తావు?” అని మాత్రమే అడిగింది. ఆ సంవత్సరమంతా నేను భయపడిన అవమానం అంతటితో అయిపోయింది.

నాయన చివరి ఏళ్లు నా దగ్గర, నంద్యాలలోనే గడిచాయి. ఒక సాయంత్రం ఇద్దరం వరండాలో చెనిక్కాయలు ఒలుస్తుంటే ఆ ముల్లు బయటికి వచ్చింది. అప్పటికే నాకు పెళ్లీడు కొడుకున్నాడు, అయినా గొంతు పన్నెండేళ్లదే వచ్చింది.

“నాయనా, ఆ పొద్దు కాదర్ సాబు అంగడికాడ నేను చిన్న పెట్టె తీసుకుంటే నీ మొగం యెందుకట్ల పడిపాయ? ధైర్యం లేనిదనుకుంటివా?”

ఆయన ఒలవడం ఆపి నా వైపు చూశాడు. “నువ్వా? నీకేం తక్కువ ధైర్యం. పెద్దది నాకు కావల్సిండె మే. మొదటి పొద్దే మనసు పడింటి. ఆ పక్కటెముకలు, ఆ బద్దలు... నిద్ర పట్టేది గాదు.”

“మరి కొనకపోతివేం?”

“కొంటే ఎవరు చేస్తారు? నేనే చేస్తా. నువ్వు స్టూలు మీద కూచోని చూస్తాంటావు. చిన్నది తీసుకోమని చెప్పేకి నాకు నోరు రాల్యా. పెద్దది అని చెప్పేకి మనసొప్పల్యా. నేను ఆడ నిలబడుకోనింటే ఏదో ఒకటి నోట్లోంచి వచ్చేస్తాది, నువ్వు నా మొగం చూసి అదే అంటావు. మూడుసార్లు చూస్తి, నా వల్ల కాల్యా. అందుకే బయటికి పోతి.”

ఒక కాయ ఒలిచి గింజలు నా చేతిలో వేశాడు. మా ఇంట్లో అందరం ఆయన్ను చూసి నవ్విన రోజుల్లో, గొడుగుల మాటా చెప్పుల మాటా ఏమోగాని, ఆ ఒక్కసారి మాత్రం ఆయన అందరికంటే గట్టిగా ఎంచుకున్నాడని నాకు యాభై దగ్గర పడ్డాక తెలిసింది.

ఇప్పటి పిల్లలకు ఇదంతా చెబితే వింతగా ఉంటుంది. మాకు రెండే పెట్టెలు, తేల్చుకోవడానికి రెండు నెలలు పట్టింది. కెజియాకు నలభై, తనే తేల్చుకోవాలని తెలిశాక పావుగంట కూడా పట్టలేదు. చేసినవాళ్లు చెప్పిన మాటలు చదివింది, బొమ్మలు వేలితో పెద్దవి చేసి చూసింది, నచ్చకపోతే వెనక్కి పంపొచ్చని నాకే ధైర్యం చెప్పింది. వాసన చూడటానికి మాత్రం వీలు లేదు. మా కాలమే మంచిదని అనబోయి ఆగాను. మా కాలంలో కాదర్ సాబు బావమరిది పొరపాటున పంపకపోయుంటే ఆ రెండు పెట్టెలు కూడా ఉండేవి కావు కదా.

“అవ్వా, ఇది తీసుకుంటాండా. ఏమంటావు?” అంది. చూశాను. ఉన్నవాటిలో అన్నింటికంటే కష్టమైనది, పెద్దది, సన్నటి బద్దలతో చేసేది. మొదటిసారి చేసేవాళ్లు అస్సలు తీసుకోకూడనిది.

“నీ యిష్టం” అన్నాను. ఆ రెండు మాటలు అనడానికి నేను పడ్డ అవస్థ నాకే తెలుసు.

పెట్టె నాలుగో రోజుకు ఇంటికే వచ్చింది. ఇప్పుడు పడవ సగమైంది. వరండా నిండా బద్దలు, జిగురు, తిట్లు. ముందుభాగం కుడివైపుకు వంకర పోతోంది, పిల్ల ఇంకా గమనించలేదు. నాకు వాకిట్లోంచి స్పష్టంగా కనబడుతోంది. రెండు బద్దలు ఊడదీసి మళ్లీ అతికిస్తే సరిపోతుంది, పది నిమిషాల పని. నేను వంటింట్లోకి పోయి, పొద్దున కడిగిన గిన్నెలన్నీ మళ్లీ కడుగుతున్నాను.